కారు అరుస్తోంది, నడపొచ్చా అన్నా?

సందేహం: అన్నా, ఎమ్మెస్ అయిపోయింది. ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే పని అనుమతి) మీద టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరి రెండు నెలలు. 2011 మోడల్ కరోలా ఒకటి సీనియర్ దగ్గర 4,800 డాలర్లకి కొన్నాను. పది రోజుల నుంచి స్టార్ట్ చేస్తే ట్రాక్టర్‌లా మోగుతోంది. కింద పైపు ఎక్కడో పగిలిందని రూమ్మేట్ అంటున్నాడు. బండి మాత్రం మామూలుగానే పోతోంది. చేబదుళ్లు కొన్ని తీర్చేసి వచ్చే నెల చేయిద్దామనుకుంటున్నా. ఈలోపు పోలీసులు పట్టుకుంటారా? పట్టుకుంటే వీసాకి ఏమన్నా ఇబ్బందా?

తమ్ముడూ, నిన్ను పట్టుకోవడానికి పోలీసులు వెతుక్కోనక్కర్లేదు. వస్తున్నానని రెండు వీధుల అవతల నుంచే నువ్వు చాటింపు వేసుకుంటూ వస్తున్నావు.

ముందు ఒక చిన్న మాట. మనం సైలెన్సర్ అంటాం, ఇక్కడ దాన్ని మఫ్లర్ అనాలి. టెక్సస్‌లో షాపుకి వెళ్లి నా సైలెన్సర్ పాడైంది అన్నావంటే తుపాకీకి బిగించేది అనుకుంటారు. నవ్వకు, నేను ఒకసారి ఆ మాటే అని, కౌంటర్ వెనకాయన నన్ను పైనుంచి కిందిదాకా చూస్తుంటే నిలబడ్డవాణ్ణి.

ఇక చట్టం. టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 547.604 ప్రకారం ప్రతి బండికీ పనిచేసే మఫ్లర్ ఉండాలి, మితిమీరిన శబ్దం గానీ అసాధారణమైన శబ్దం గానీ రాకుండా అది ఎప్పుడూ ఆపుతూ ఉండాలి. అంతే, ఇన్ని డెసిబెల్స్ అని లెక్కేమీ రాయలేదు. కాలిఫోర్నియాలో 6,000 పౌండ్లలోపు బండ్లకి 95 డెసిబెల్స్ అని ఒక గీత ఉంది. ఇక్కడ ఆ గీత పోలీసాయన చెవిలో ఉంటుంది. మీటర్ పెట్టి కొలిచావా అని రోడ్డు మీద వాదించబోకు. పైపు దానంతటదే పగిలింది, నేను కావాలని మోత కోసం మార్పించలేదు అన్నా కుదరదు. పాడైన దాన్ని బాగుచేయించుకోకుండా తిప్పడమే ఇక్కడ తప్పు.

ఇంకో సంగతి కొత్తగా వచ్చినవాళ్లకి తెలియదు. 2024 దాకా ఇక్కడ ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉండేది, అందులో ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే పైపులు, మఫ్లర్) కూడా చూసేవాళ్లు. 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి అది ఎత్తేశారు. అయినా రిజిస్ట్రేషన్ అప్పుడు ఏడున్నర డాలర్లు మాత్రం కట్టించుకుంటారు, అది వేరే కథ. డల్లాస్, కాలిన్, డెంటన్, టారంట్ లాంటి పెద్ద కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్, అంటే పొగ కాలుష్యం పరీక్ష, మాత్రం మిగిలింది. అది నీ కారులాంటి వాటికి కంప్యూటర్‌కి వైరు తగిలించి చేసే పరీక్ష. మఫ్లర్ దగ్గర పిడికిలంత కన్నం ఉన్నా చెక్ ఇంజిన్ లైట్ వెలగకపోతే పాసైపోవచ్చు. కాబట్టి ఇన్‌స్పెక్షన్ పాసైంది కదా అని మీ సీనియర్ అని ఉంటే, ఆ మాటకి ఈ విషయంలో విలువ లేదు.

నా సంగతి చెప్తాను. 2003లో నేను ఒహాయోలో చదువుకుంటున్నప్పుడు పాత సివిక్ ఒకటి ఉండేది. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లకి కింద పైపులన్నీ తుప్పు తినేస్తాయి. (నీ కరోలా మొదట ఏ రాష్ట్రంలో తిరిగిందో కార్‌ఫ్యాక్స్‌ (బండి పాత చరిత్ర చెప్పే రిపోర్టు)లో చూడు. మిషిగన్, ఇల్లినాయ్ వైపు బండి అయితే ఒక్క కన్నంతో ఆగదు.) మఫ్లర్ ముందు పైపుకి కన్నం పడింది. దగ్గర డబ్బుల్లేవు. కోక్ డబ్బా కోసి పైపు చుట్టూ చుట్టి, రెండు క్లాంపులు బిగించాను. పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజు రాత్రి నలుగురం ఇండియన్ స్టోర్ నుంచి సోనామసూరి బస్తాతో వస్తుంటే వెనక ఎర్ర లైట్లు, నీలం లైట్లు.

నేనేం చేశానో చూడు. మన ఊళ్లో కానిస్టేబుల్ బండి ఆపితే ఏం చేస్తాం? సైడ్‌కి పెట్టి, దిగి, కాగితాలు చేత్తో పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్తాం. అది మర్యాద. నేనూ తలుపు తీసి దిగాను. మైకులో ఒక్క కేక వినపడింది, కార్లోకి వెళ్లమని. ఆయన చెయ్యి ఎక్కడుందో ఆ లైట్ల వెలుతురులో కనపడింది. వెనక సీట్లో మావాడు ఒళ్లో బస్తా పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆ రాత్రి వార్నింగ్‌తో వదిలేశాడు గానీ, నాకు గుర్తుండిపోయింది వార్నింగ్ కాదు, ఆ కేక.

అందుకని దిగకు. కుడివైపు ఆపి, ఇంజిన్ కట్టేసి, లోపలి లైటు వేసి, అద్దం దించి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చో. లైసెన్స్, ఇన్సూరెన్స్ అడిగాక, ఎక్కడున్నాయో చెప్పి అప్పుడు తియ్యి. ఇన్సూరెన్స్ ఫోన్‌లో చూపించినా టెక్సస్‌లో చెల్లుతుంది. ఎందుకు ఆపానో తెలుసా అని అడిగితే, పది రోజుల నుంచి ఇలాగే ఉంది సార్ అని కథ చెప్పబోకు, అబద్ధమూ చెప్పొద్దు. శనివారం షాపులో అపాయింట్‌మెంట్ ఉంది అని చెప్పగలిగితే చాలా తేడా వస్తుంది. అది నిజమై ఉండాలి, ఫోన్‌లో చూపించగలగాలి. అందుకే ఇది చదివిన వెంటనే ముందు ఆ అపాయింట్‌మెంట్ తీసుకో.

టికెట్ ఇచ్చాడనుకో, సంతకం పెట్టు. ఆ సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, చెప్పిన తేదీలోపు కోర్టుకి జవాబిస్తానని మాట ఇచ్చినట్టు. పెట్టను అంటే అరెస్టు చేసే వీలు ఆయనకి ఉంది. టెక్సస్‌లో ఈ వీలు కాస్త విశాలంగానే ఉంది. 1997లో ఆస్టిన్ దగ్గర లాగో విస్టాలో సీటుబెల్టు పెట్టుకోలేదని, పిల్లలతో వెళ్తున్న ఒక తల్లిని బేడీలు వేసి తీసుకెళ్లారు. ఆ తప్పుకి జరిమానా మహా అయితే 50 డాలర్లు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2001లో 5-4 తేడాతో ఆ అరెస్టు చెల్లుతుందనే తీర్పు వచ్చింది. భయపెట్టడానికి చెప్పట్లేదు, మఫ్లర్‌కి ఎవరినీ మామూలుగా లోపల వెయ్యరు. రోడ్డు మీద పంతానికి పోవద్దని చెప్తున్నా.

మనవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఆ తర్వాత. ఇంటికొచ్చి, టెన్షన్‌తో, అర్ధరాత్రి కోర్టు వెబ్‌సైట్ తెరిచి కార్డు కొట్టి డబ్బులు కట్టేస్తారు. పీడ వదిలింది అనుకుంటారు. అలా కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టో, నో కాంటెస్ట్ (వాదించను) అన్నట్టో లెక్క, కన్విక్షన్ (తప్పు చేసినట్టు కోర్టు రికార్డు) పడుతుంది. ఆగాలి. బండిలో లోపం ఉందని ఇచ్చిన ఇలాంటి టికెట్లకి టెక్సస్‌లో మంచి దారి ఉంది. కోర్టులో మొదటిసారి హాజరు కావాల్సిన తేదీకి ముందే రిపేర్ చేయించేసి, రశీదు తీసుకెళ్లి కంప్లయన్స్ డిస్మిసల్ అడుగు. జడ్జి ఒప్పుకుంటే 10 డాలర్లకి మించని ఫీజు కట్టించుకుని కేసు కొట్టేస్తారు. ఒప్పుకోవడం జడ్జి ఇష్టం, నీ హక్కు కాదు. కాలిఫోర్నియాలో ఉన్న మీ ఫ్రెండ్స్ ఫిక్స్-ఇట్ టికెట్ అంటుంటారే, దాదాపు అలాంటిదే, అక్కడి ఫీజు 25 డాలర్లు. అక్కడ కావాలని మోత పెంచుకున్న బండ్లకి ఆ దయ ఉంటుందని లెక్కేసుకోవద్దు.

అసలు చెయ్యకూడనిది టికెట్‌ని డ్రాయర్‌లో పడేసి మర్చిపోవడం. తేదీ దాటితే హాజరు కాలేదని ఇంకో కేసు, వారంట్, లైసెన్స్ రెన్యువల్ ఆగిపోవడం. ఆరు నెలల తర్వాత వేరే దేనికో ఆపినప్పుడు ఆ వారంట్ స్క్రీన్ మీద కనపడితే అప్పుడు బేడీలే. మఫ్లర్‌కి పడని బేడీలు మర్చిపోయిన కాగితానికి పడతాయి.

వీసా అడిగావు. జరిమానాతో పోయే మఫ్లర్ టికెట్ అరెస్టు కాదు. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160 ఫారంలో అడిగేది అరెస్టులు, కన్విక్షన్ల గురించి. కాబట్టి డిస్మిస్ అయిన టికెట్‌కీ, అర్ధరాత్రి కట్టేసిన టికెట్‌కీ తేడా నీకు అక్కడ తెలుస్తుంది. ఏమీ కాదులే అని నేను ఇదివరకు తేలిగ్గా అనేవాణ్ణి. 2025 వసంతంలో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డులు రద్దు చేసినప్పుడు అందులో చిన్న ట్రాఫిక్ కేసులు మాత్రమే ఉన్న పిల్లలూ ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఏప్రిల్ చివరికి తిరిగి ఇచ్చారు గానీ, ఆ వారాల్లో వాళ్ల ఇళ్లల్లో ఎవరూ సరిగ్గా తిని ఉండరు. అప్పటి నుంచి నేను తేలిగ్గా అనడం మానేశాను. టికెట్ కాపీ, రిపేర్ రశీదు, కోర్టు కొట్టేసిన కాగితం, మూడూ స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకో. ఎప్పుడో సిటిజన్‌షిప్‌కి అప్లై చేసే రోజు వస్తే అక్కడ టికెట్ల గురించి కూడా అడుగుతారు. కన్విక్షన్ పడిపోయి ఉంటే మాత్రం ఫారం నింపేముందు లాయర్‌తో ఒక అరగంట మాట్లాడు, వాట్సాప్ గ్రూపుతో కాదు.

చట్టం పక్కన పెట్టు. నాకు ఇంకా భయం వేసేది పొగ. పైపు పగిలితే పొగ వెనక నుంచి పోకుండా కారు కిందే పోగవుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కార్లో పొగ వాసన వస్తే అదీ లోపలికి వచ్చినట్టే, వాసన రాకపోతే రాలేదని నమ్మకమూ లేదు. కారెక్కిన ఇరవై నిమిషాలకి తలనొప్పి, కడుపులో తిప్పడం, నిద్రమత్తు వస్తుంటే ఆఫీసు ఒత్తిడి అనుకోకు. అద్దాలు దించి, ఆపి, దిగిపో. ఫేస్‌బుక్‌లో కొన్న పరుపు డిక్కీలో సగం పెట్టి, డిక్కీ మూత తాడుతో కట్టి తెచ్చుకోవడం మనందరం చేసిన పనే. పైపు పగిలిన కారుతో అది అస్సలు చెయ్యకు. డిక్కీ తెరిచి నడిపితే వెనకనున్న పొగని కారు లోపలికి లాక్కుంటుంది. గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి వదిలెయ్యడమూ అంతే.

ఇప్పుడు ఖర్చు. మోత వినగానే వెయ్యి డాలర్లు అనుకుని భయపడుతున్నావు, బహుశా అంత ఉండదు. రేకు గలగలలాడినట్టు వస్తుంటే అది హీట్ షీల్డ్ ఊడటం, ఒక క్లాంపుతో పోతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిన్ దగ్గర టిక్ టిక్‌మని కొట్టుకుంటుంటే మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి గొట్టాలు) వైపు చూడాలి. కారు మధ్యలోంచో వెనక నుంచో బొంగురు మోత వస్తుంటే పైపో మఫ్లరో. డీలర్ దగ్గరికి వెళ్లకు, వెల్డింగ్ చేసే చిన్న మఫ్లర్ షాపుకి వెళ్లు. కన్నం ఒక్కటే అయితే వంద డాలర్ల చుట్టుపక్కల తేలిపోతుంది. లిఫ్ట్ మీద ఎత్తాక నన్ను పిలవండి, చూడాలి అని చెప్పు. ఒక షాపులో నాకు మొత్తం పైపు వరస మార్చాలని 900 చెప్పారు. పక్క వీధిలో ఒక మెక్సికన్ తాతగారు టార్చి వేసి చూపించి, జానెడు ముక్క వెల్డ్ చేసి 80 తీసుకున్నారు.

రాత్రికి రాత్రి మోత మొదలై, స్టార్ట్ చేయగానే విమానంలా ఉంటే మాత్రం కిందకి వంగి చూడు. క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగలో విషాన్ని తగ్గించే డబ్బా) ఎవరో కోసుకుపోయి ఉండొచ్చు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, దొంగలకి అదే కావాలి. పాత ప్రియస్ కార్లంటే వాళ్లకి మరీ మోజు. అదే అయితే ముందు పోలీసులకి ఫిర్యాదు, తర్వాత ఇన్సూరెన్స్. నీది లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చేది) మాత్రమే అయితే ఒక్క డాలర్ రాదు, కాంప్రిహెన్సివ్ ఉంటేనే దొంగతనానికి ఇస్తారు. కన్వర్టర్ ఎందుకు, మధ్యలో ఖాళీ పైపు పెట్టేద్దాం, చవక అని ఎవడైనా అంటే బయటికి వచ్చెయ్యి. అది ఫెడరల్ చట్టం, క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద తప్పు. పైగా ఎమిషన్స్ టెస్ట్‌లో దొరికిపోతావు. కాస్త కొత్త కారున్న తమ్ముళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: కన్వర్టర్ దానంతటదే పాడైతే 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల దాకా, ఏది ముందైతే అది, ఫెడరల్ వారంటీ ఉంటుంది. నీ కరోలాకి అది ఎప్పుడో దాటిపోయింది.

లండన్, లెస్టర్ నుంచి చదివేవాళ్లు కూడా అడుగుతుంటారు. మీకు మూడేళ్లు దాటిన బండికి ఏటా ఎమ్‌వోటీ అనే బండి పరీక్ష ఉండనే ఉంది, ఇంత మోతతో అది పాస్ కాదు. ఎమ్‌వోటీ లేకుండా తిప్పితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. మిగతా సంగతి అదే.

చేబదుళ్లలో మీ సీనియర్‌కి ఇవ్వాల్సింది ఉంటే ఆయన్నే ఒక నెల ఆగమను, అమ్మినవాడు ఆ మాత్రం ఆగుతాడు. బండి బాగయ్యేదాకా ఆఫీసుకి డార్ట్ ట్రైన్‌లోనో, రూమ్మేట్‌తోనో వెళ్లు. శనివారం పొద్దున్నే షాపుకి బయల్దేరు, చాలావరకు మధ్యాహ్నానికి మూసేస్తారు. అద్దాలు దించుకునే వెళ్లు, దగ్గర షాపే చూసుకో. కారు లిఫ్ట్ ఎక్కాక కింద నుంచి రెండు ఫోటోలు తీసి పంపు, వాళ్లు చెప్పే రేటు కూడా రాయి. చేయించాలో, ఇంకో షాపు చూడాలో అక్కడున్నప్పుడే చెప్తాను.