అమ్మాయి రోజూ లైబ్రరీకి వెళ్తోంది, మరి హైదరాబాద్ కోచింగ్ కావాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమాస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి నాగార్జున యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ మొదటి సంవత్సరం చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది. లెక్చరర్ కావాలని ఆశ. పొద్దస్తమానం లైబ్రరీలోనే ఉంటానంటుంది, కానీ చదివేది బయట కొన్న నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) గైడ్లే. ఇప్పుడు స్నేహితురాళ్లతో హైదరాబాద్ కోచింగ్‌కి వెళ్తానంటోంది. అప్పు చేసైనా పంపమంటారా?

జవాబు: అయ్యా, అప్పు మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీ అమ్మాయి లైబ్రరీకి వెళ్తున్న మాట నిజమే గానీ, అక్కడ వాడుకుంటున్నది కుర్చీ, ఫ్యాను, వైఫై. హాస్టల్ గదిలో చదువు సాగదు కాబట్టి అదీ అవసరమే, తప్పుపట్టను. కానీ గైడు ఎక్కడైనా చదువుకోవచ్చు. యూనివర్సిటీలో ఉన్న రెండేళ్లే దొరికేవి కొన్ని ఉన్నాయి. వాటి జోలికి తను ఇంకా వెళ్లినట్టు లేదు.

ఉదాహరణకు మీ పనినే తీసుకుందాం. ఎంఏలో ప్రాజెక్టు రాయాల్సి వస్తే చాలామంది సీనియర్ల ప్రాజెక్టు పేరు మార్చి ఇచ్చేస్తారు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మీ అమ్మాయి మిర్చి ధరల మీద రాస్తే? కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎప్పుడు పెడతారు, ఎప్పుడు తీస్తారు, తేజ రకానికి ధర ఎందుకు ఊగుతుంది, ఇవన్నీ ఇంట్లో వింటూ పెరిగిన పిల్ల. ఆ తెలివిని చదువులోకి తేవడానికే లైబ్రరీ కావాలి.

లైబ్రరీ కంప్యూటర్లో ఓపాక్ అనే కేటలాగు ఉంటుంది. ఎకనామిక్స్ ర్యాకు దగ్గర నిలబడి వెతికితే సగమే దొరుకుతుంది. విషయానికో నంబరు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో పుస్తకాలు సర్దే లైబ్రరీల్లో ఎకనామిక్స్ 330లో ఉంటుంది. పంట సాగు గురించినవి 630లో, స్టాటిస్టిక్స్ 519.5లో ఉంటాయి. మిర్చి ధరల మీద రాసేవాళ్లకు ఈ మూడూ కావాలి. అవి మూడు వేర్వేరు చోట్ల ఉంటాయి. కేటలాగులో ఒక్క మాటే కొట్టి 'ఏమీ లేదు' అని వచ్చేయకూడదు. గుంటూరు జిల్లా పాత సంగతులు కావాలనుకోండి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు జిల్లాయే లేదు, కృష్ణా జిల్లాలో కలిసి ఉండేది. అప్పటి వివరాలకు 1883లో గోర్డన్ మెకంజీ రాసిన జిల్లా మాన్యువల్ చూడాలి. అది ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో 'కిస్ట్నా' పేరు మీద ఉంటుంది. గుంటూరు అని వెతికితే తగలదు.

ఇలాంటివి పిల్లలకు తెలియవు. లైబ్రరీ స్టాఫ్‌కి తెలుసు. యార్డుకి మొదటిసారి వచ్చిన రైతు నలుగురిని అడిగే కదా షాపు చేరేది! కౌంటర్ దగ్గరికి వెళ్లి 'మిర్చి ధరల మీద ప్రాజెక్టు చేస్తున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?' అని అడగమనండి. రద్దీ లేని వేళ వెళ్లాలి. ఒకరు విసుక్కుంటే మర్నాడు ఇంకొకరిని అడగాలి. మన పిల్లలకు మొహమాటం ఎక్కువ, ముఖ్యంగా ఇంగ్లిష్‌లో అడగాలేమోనని టెన్షన్. తెలుగులోనే అడగొచ్చు.

రెండోది జర్నల్స్, అంటే పరిశోధన పత్రికలు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు. 30 మంది ప్రచురణకర్తల జర్నల్స్, దాదాపు 13,000, ప్రభుత్వ యూనివర్సిటీలు, కాలేజీల వాళ్లకు ఆన్‌లైన్లో అందుతాయి. విడిగా కొనాలంటే ఒక్కో వ్యాసానికే వేలు అడుగుతారు. క్యాంపస్‌లో ఎలా తెరవాలో, ఇంటికి వచ్చినప్పుడు లాగిన్ ఇస్తారో లేదో లైబ్రరీలోనే కనుక్కోవాలి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం 'శోధగంగ' అనే వెబ్‌సైట్ ఉంది. దానికి లాగిన్ కూడా అక్కర్లేదు, ఫోన్లోనైనా తెరుచుకుంటుంది. మిర్చి మార్కెటింగ్ మీద ముందు ఎవరేం రాశారో చూసి, వాళ్లు వదిలేసిన ప్రశ్న పట్టుకోవాలి. కాపీ కొట్టడానికి మాత్రం కాదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం మించి పోలికలుంటే చిక్కే.

పీరియాడికల్స్ సెక్షన్‌లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ఉందేమో చూడమనండి. వారానికి ఒక్క వ్యాసం చాలు. మొదట్లో సగం అర్థం కాదు, ఫర్వాలేదు. గైడ్లో ఆ పద్ధతిలో వాదించడం దొరకదు.

పుస్తకాలు తీసుకోవడం, తిరిగివ్వడం గురించి పెద్దగా చెప్పను. గడువు తేదీ ఫోన్లో పెట్టుకోవాలి. తన కార్డు మీద స్నేహితులకు పుస్తకాలు ఇప్పించకూడదు. కోర్సు అయ్యాక నో డ్యూస్ (బాకీ లేదనే కాగితం) దగ్గర ఆ పుస్తకం ఎవరి దగ్గరుందో వెతుక్కోవాల్సింది తనే. సెలవుల్లో గుంటూరు వచ్చినప్పుడు జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉండనే ఉంది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఎలాగూ కడుతున్నాం కదా.

ఇక కోచింగ్. నెట్‌కి ఎంఏ చివరి సంవత్సరం వాళ్లు కూడా అప్లై చేయొచ్చు. పరీక్ష సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు పేర్ల మీద జరుగుతుంది. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు రాస్తే మార్కులు కోయరు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కూడా వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్ ఉంటుంది. మీరు కట్టడం పోయి, ఎదురు తనకే డబ్బు వస్తుంది.

అందుకని ఈ వేసవిలోనే పాత పేపర్లు మూడు, గడియారం పెట్టి రాయించండి. రెండో పేపర్ ఎకనామిక్స్. అందులో తక్కువ వస్తే దానికి మందు లైబ్రరీయే, హైదరాబాద్ కాదు. మొదటి పేపర్లో రీజనింగ్, డేటా లెక్కల దగ్గర ఆగిపోతుంటే ఆ ఒక్కదానికి ఆన్‌లైన్ క్లాసు తీసుకోనివ్వండి. ఎంఏ మధ్యలో మానిపించి మాత్రం పంపకండి. పేపర్లు రాశాక మార్కులు నాకు పంపండి, రెండూ విడివిడిగా.