టెక్ సందేహాలు: బైపాస్ ఫిల్టర్ సరే, ఆ డాంగిల్ ఎందుకు?

ప్రశ్న: బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి నగరంలోని దుకాణాలకు కూరగాయలు చేరవేసే బీఎస్‌-6 డీజిల్ పికప్ నాది. ఇంజన్ ఆయిల్‌కు బైపాస్ ఫిల్టర్ బిగించుకోవాలనుకుంటున్నాను. అమ్మే ఆయన దానితోపాటు ఓబీడీ పోర్టుకు (మెకానిక్‌లు బండి లోపాలను చదివే సాకెట్‌కు) పెట్టే బ్లూటూత్ డాంగిల్ అనే చిన్న పరికరం ఇస్తున్నారు. ఇక ఆయిల్ మార్చనక్కర్లేదని, యాప్‌లో సర్వీస్ రిమైండర్‌ను రీసెట్ చేసుకుంటూ పోతే చాలని అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ఫిల్టర్‌ను నమ్మవచ్చు, రిమైండర్ గురించి ఆయన చెప్పిన మాటను నమ్మకండి. రవాణా బండ్లు నడిపేవారి నుంచి ఇదే ప్రశ్న తరచూ వస్తున్నందున కొంత వివరంగా రాస్తున్నాను.

ప్రధాన ఫిల్టర్ గుండా ఆయిల్ అంతా వేగంగా పారాలి కాబట్టి అది సాధారణంగా 20 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన రేణువులనే బాగా పట్టగలదు. బైపాస్ ఫిల్టర్ ఆ ప్రవాహంలో సుమారు పదో వంతును మాత్రమే సన్నని రంధ్రం గుండా తీసుకొని, రెండు మూడు మైక్రాన్ల రేణువులను సైతం ఆపి, ఆయిల్‌ను తిరిగి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లోకి వదులుతుంది. బిగించేటప్పుడు హోస్ పైపుల మీదే దృష్టి పెట్టండి. అవి ఎగ్జాస్ట్‌కో, కదిలే భాగాలకో తగిలి చిట్లితే ఆయిల్ కారిపోయి ఇంజన్ సీజ్ అవుతుంది. వారంటీ మిగిలి ఉంటే సర్వీస్ సెంటర్ సమాధానాన్ని ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

చాలా బండ్లలో రిమైండర్ ఆయిల్‌ను పరీక్షించి చెప్పేది కాదు. తిరిగిన కిలోమీటర్లు, గడిచిన కాలం, కొన్నింటిలో ఇంజన్ వేడి ఆధారంగా సాఫ్ట్‌వేర్ వేసుకొనే లెక్క అది. రీసెట్ నొక్కినప్పుడు మీరు ఆయిల్ మార్చారో లేదో దానికి తెలియదు. పైగా డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) పేరుకున్న మసిని కాల్చడానికి చాలా ఇంజన్లు సిలిండర్లలోకే అదనంగా డీజిల్ చిమ్ముతాయి, అందులో కొంత గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. బోయిన్‌పల్లి, బేగంబజార్‌ల మధ్య ఆగి ఆగి నడిచే బండిలో ఈ ప్రక్రియ మధ్యలోనే తెగిపోయి మళ్లీ మళ్లీ మొదలవుతుంది కాబట్టి కలిసే డీజిల్ కూడా ఎక్కువే. కరిగిన డీజిల్‌ను ఎంత సన్నని ఫిల్టరైనా వేరు చేయలేదు, ఖర్చయిపోయిన అడిటివ్‌లను (ఆయిల్‌లో కలిపే రక్షక రసాయనాలను) తిరిగి నింపలేదు. డిప్‌స్టిక్‌పై మట్టం పెరుగుతున్నదంటే, యాప్ ఏమి చూపినా సరే, ఆయిల్ మార్చవలసిందే.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది ఆ డాంగిల్. రిమైండర్‌ను రీసెట్ చేయగలుగుతున్నదంటే అది బండి వివరాలను చదవడంతో ఆగక, బండికి ఆదేశాలు కూడా పంపుతున్నదన్నమాట. తాళం తీసేసినా ఓబీడీ పోర్టులో కరెంటు ఉంటుంది కనుక, పెట్టి వదిలేసిన డాంగిల్ రాత్రంతా మేలుకొనే ఉంటుంది. చవక రకాల్లో చాలావాటి పిన్ 1234 లేదా 0000, దాన్ని మార్చుకొనే వీలు కూడా ఇవ్వరు. బండిలోని కంట్రోల్ యూనిట్లను కలిపే క్యాన్ నెట్‌వర్క్‌లోనేమో, సందేశం పంపినది ఎవరో నిర్ధారించుకొనే ఏర్పాటు మొదటి నుంచీ లేదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే పోర్టుకు పెట్టిన ఒక ట్రాకింగ్ పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి, తక్కువ వేగంలో వెళుతున్న కారు బ్రేకులు పడేలా, పడకుండా పోయేలా చేసి చూపించారు. మీది బ్లూటూత్ కాబట్టి దాడి చేసేవారు దగ్గరకు రావాలి, నిజమే. కానీ లోడింగ్ కోసం తెల్లవారుజామున మార్కెట్‌లో వరుసలో నిలిచే బండి దగ్గరకు రావడం ఎవరికి కష్టం?

మీట నొక్కిన రెండు నిమిషాల వరకే కొత్త ఫోన్‌ను జత చేసుకొనేలా డాంగిల్‌ను తయారు చేయడం పెద్ద విద్యేమీ కాదు. ఆ మీటకయ్యే కొద్దిపాటి ఖర్చు మిగుల్చుకోవడానికి బండి బ్రేకుల దాకా దారి తెరిచి అమ్మడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం. ఇంజన్ వివరాలు చూపే యాప్‌కు ఫోన్‌లోని కాంటాక్టులతో పనేమిటో కూడా ఆ తయారీదారులే చెప్పాలి.

కాబట్టి ఫిల్టర్ ఒక్కటే కొనండి. ఆయిల్‌ను సర్వీస్ పుస్తకంలో రాసిన గడువుకే మార్చండి. గడువు పెంచాలని ఉంటే, పాత ఆయిల్ నమూనాను ల్యాబ్‌కు పంపి డీజిల్ శాతం, చిక్కదనం, మసి, మిగిలిన క్షార గుణం (ఆమ్లాలను అణచే శక్తి) పరీక్ష చేయించిన తరువాతే పెంచండి. డాంగిల్ ఇప్పటికే కొని ఉంటే, చూడవలసినది చూసిన వెంటనే పోర్టు నుంచి తీసేయండి.