అరకు బయల్దేరుతున్న స్వాతికి

అమ్మాయ్ స్వాతీ,

మే నెలలో నలుగురు స్నేహితురాళ్ళు కలిసి విజయవాడ నుంచి అరకు కారులో వెళ్తున్నారనీ, బండి నువ్వే నడుపుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ఆ వెంటనే మీ నాన్న కారు టైర్లు గుర్తొచ్చి కంగారూ వేసింది.

ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, లైసెన్సు, ఫాస్టాగ్‌లో డబ్బు, నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు: ఇవి నీకు ఒకరు చెప్పక్కర్లేదు.

టైర్ల సంగతి మాత్రం నిదానంగా చదువు. ఎండాకాలం గాలి కాస్త తక్కువ పెట్టించాలని గాలి కొట్టే కుర్రాడు చెప్తాడు, మీ నాన్నా చెప్తాడు. ఎన్నో ఏళ్ళుగా పాతుకుపోయిన తప్పు అది. వేడికి గాలి పెరిగి టైరు పేలుతుందని వాళ్ళ భయం. నడిచిన టైరులో నాలుగైదు పాయింట్లు (గేజి మీద పీఎస్ఐ అని ఉండేవే) పెరగడం మామూలే, కంపెనీ ఇచ్చే అంకెలో ఆ పెరుగుదలకీ చోటుంటుంది. అసలు ప్రమాదం తక్కువ గాలితోనే. గాలి చాలనప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కలు నలుగుతాయి. ఆ నలుగుడుకే లోపలి రబ్బరు కాగిపోతుంది. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, వందకి దగ్గర స్పీడు, కింద సెగలు కక్కే రోడ్డు. రబ్బరు పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి టైరు ఒక్కసారిగా చీలిపోతుంది.

డ్రైవర్ తలుపు తీస్తే లోపలి అంచు మీద స్టిక్కరు ఉంటుంది. చాలా బండ్లకి అందులో ఇద్దరు ముగ్గురికి ఒక అంకె, నిండు లోడుకి ఒక అంకె ఇస్తారు. నీకు కావలసింది నిండు లోడుది. బండి కనీసం మూడు గంటలు ఆగి చల్లబడ్డాకే కొలవాలి. పొద్దున 33 పెట్టిన టైరు మధ్యాహ్నం తుని దగ్గర 37 చూపిస్తుంది. ఎక్కువైందని నాలుగు తీయించావో, చల్లారాక 29కి పడిపోతుంది. దార్లో ఎవరు చెప్పినా తీయించకు. ఒక గేజి కొని డాష్‌బోర్డులో పడేసుకో.

టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాలున్న వరస చివర నాలుగంకెలు చూడు. 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారైందన్నమాట. మీ నాన్న బండి తిరిగేది తక్కువ కాబట్టి టైరు మీది గాడులు బాగానే కనిపిస్తాయి, వాటిని చూసి మోసపోకు. ఎండలో నిలబడి నిలబడి రబ్బరు బిరుసెక్కుతుంది. ఆరేళ్ళు దాటి, పక్కల సన్నటి పగుళ్ళు కనిపిస్తే మార్పించు. డబ్బు నేనిస్తాను, మొహమాటపడకు. బుడిపె లేచిన టైరుతో మాత్రం వీధి చివరికి కూడా వెళ్ళొద్దు.

ఒకవేళ దార్లో పేలితే బ్రేకు తొక్కకు తల్లీ. స్టీరింగు రెండు చేతులతో తిన్నగా బిగించి పట్టుకో, యాక్సిలరేటర్ మెల్లగా వదులు, వేగం తగ్గాక ఎడమకి తీసుకో.

కూలెంట్, అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడు, మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. దార్లో వేడి ముల్లు పైకి లేస్తే ఏసీ ఆపి బండి పక్కకి తియ్యి. రేడియేటర్ మూత అరగంట దాకా ముట్టుకోవద్దు, మరిగే నీళ్ళు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

రాత్రి పన్నెండింటికి బయల్దేరతామన్నారట! ఎవరిచ్చిన సలహా అది? రెండింటికీ ఐదింటికీ మధ్య కళ్ళు తెరిచే నిద్రపోతారు, లైట్లు లేకుండా హైవే పక్కన ఆపిన లారీలు దగ్గరికొచ్చేదాకా కనపడవు. రాత్రి హాయిగా నిద్రపోయి ఉదయం ఐదింటికి కదలండి. అనకాపల్లి దగ్గర సబ్బవరం బైపాస్ ఎక్కితే విశాఖ ట్రాఫిక్‌లోకి పోకుండా పెందుర్తి చేరతారు. అక్కణ్ణించి కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట). పెట్రోలు ఎస్.కోటలోనే నింపించు. వెలుతురుండగానే ఘాట్ ఎక్కేయాలి.

ఘాట్‌లో పైకెక్కే బండికి దారివ్వాలి. దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు వాడావో ఆ గేర్లోనే దిగు. న్యూట్రల్ వెయ్యడం, ఇంజను ఆపడం పనికిరాదు. అదేపనిగా బ్రేకు మీద కాలుంచితే ప్యాడ్లు కాగి పట్టు వదిలేస్తాయి. మాడు వాసనొస్తే చోటు చూసి ఆపి చల్లారనివ్వు, నీళ్ళు మాత్రం పొయ్యకు. వెనక సీట్లో వాళ్ళకి వాంతి కవర్లూ, అల్లం మురబ్బా ఇవ్వు. చిన్నప్పుడు మీ అమ్మ శ్రీశైలం ఘాట్ పొడుగూతా అవే పట్టుకుని కూర్చునేది.

అరకులో బండి ఆపి, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. ఇంజను పొగ లోపలికి చేరితే తెలియకుండానే ప్రాణం పోతుంది.

ఈ ఆదివారం బండి మా ఇంటికి తీసుకురా. స్టెప్నీలో గాలి చూసి, నువ్వే ఒక చక్రం విప్పి బిగించాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాలి. గాల్లో ఉన్న చక్రానికి బలంగా పానా తిప్పితే బండి జాకీ మీంచి జారిపడుతుంది. మీ అత్తయ్య పెసరట్టు వేస్తానంటోంది, తినకుండా రా.

మామయ్య