ఒడియా మీడియం పిల్లలకు ఇంగ్లిష్ ‘ఇంగ్’ ఎక్కడ వాడాలో ఎలా చెప్పాలి?

గుణుపూర్‌లో ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయి ప్రతి క్రియకూ ‘ఇంగ్’ తగిలిస్తున్నాడని, ‘వి ఆర్ లివింగ్ హియర్ సిన్స్ 2018’ అని రాస్తే టీచరు కొట్టేశారని అడిగారు. నేను పర్లాకిమిడిలో ట్యూషన్ చెబుతాను. తెలుగిళ్ల పిల్లల్లో ఇది చాలా మామూలు. ‘రోజూ బడికి వెళ్తున్నాను’, ‘ఇదిగో, బడికి వెళ్తున్నాను’ అని రెండు చోట్లా మనం ఒకే మాట అంటాం. ఇంగ్లిష్‌లో మొదటిది ‘గో’, రెండోది ‘యామ్ గోయింగ్’.

బాబుకు వచ్చిన ఒడియానే ఇక్కడ అక్కరకొస్తుంది. ఒడియాలో అలవాటుకు ‘ము జాఏ’, ఇప్పుడు జరిగేదానికి ‘ము జాఉఛి’ అని రెండు రూపాలున్నాయి. మా దగ్గర ఒక పాప ‘ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ ఎవ్రీ డే’ అని రాసింది. ఒడియాలో చెప్పమన్నాను. ‘సబుదినే ము స్కూల్‌కు జాఏ’ అంటూనే రబ్బరు అందుకుని ‘యామ్’నూ ‘ఇంగ్’నూ చెరిపేసింది. నియమాలు వల్లె వేయించే ముందు ఇది చేయించండి. మహేంద్రతనయ నది మా ఊరి మీదుగా పారుతుంది. అది ఎప్పుడూ ఉండేదే కాబట్టి ‘ఫ్లోస్’. వానలకు ఈ పూట నీరు పెరుగుతోంది, కాబట్టి ‘ఈజ్ రైజింగ్’.

కొందరు ‘ఐ గోయింగ్’ అని ‘యామ్’ వదిలేస్తారు. ‘వెళ్తూ ఉన్నాను’ అని విడదీసి చూపించండి. మన ‘ఉన్నాను’ క్రియలో కలిసిపోయింది, ఇంగ్లిష్‌లో అది ‘యామ్, ఈజ్, ఆర్’గా విడిగా నిలబడాలి. జరిగిపోయిన కాలమైతే ‘వాజ్, వర్’.

నో (తెలుసు), వాంట్, అండర్‌స్టాండ్ లాంటివి పనులు కావు, మనసు స్థితులు. వీటికి మామూలుగా ‘ఇంగ్’ రాదు. ‘అర్థమవుతోంది’ అని మనం అన్నా, అక్కడ ‘ఐ అండర్‌స్టాండ్’ అనే అనాలి. ‘హావ్’ కూడా అంతే: ఇద్దరు అన్నలుంటే ‘ఐ హావ్’, భోజనం చేస్తుంటే మాత్రం ‘ఐ యామ్ హావింగ్ లంచ్’.

ఇక టీచరు కొట్టేసిన వాక్యం. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి ‘ఆర్ లివింగ్’ చాలదు, ‘హావ్ బీన్ లివింగ్’ కావాలి. మొదలైన సంవత్సరం చెబితే ‘సిన్స్ 2018’, ఎంత కాలమో చెబితే ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’. తెలుగులో రెండింటికీ ‘నుంచి’ అనేస్తాం కనుక ఈ రెండూ కలిపి కొన్నాళ్లు రాయించండి.