గడి నిండితే సరిపోదు, వివరణ రాయి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పూర్తి చేసి వాట్సాప్‌లో పంపిన గడి, అదే తెలుగు క్రాస్‌వర్డ్, చూశాను. అన్నీ సరిగ్గానే పడ్డాయి. "సగం జవాబులు ఎందుకొచ్చాయో నాకే తెలీదు మామయ్యా" అని కింద రాశావు చూడు, అసలు సంగతి అక్కడుంది. అడ్డం, నిలువు అక్షరాలు చూసి ఊహించిన జవాబు ఇంకా నీది కాలేదు. ఆధారంలో, అంటే జవాబు కోసం ఇచ్చిన సూచన వాక్యంలో, ఏ మాట ఏం పని చేస్తోందో చెప్పగలిగాకే పెన్ను తియ్యి. అందాకా పెన్సిలే.

మెలిక ఉన్న ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి జవాబు అర్థం. అది వాక్యానికి మొదట్లోనో చివర్లోనో ఉంటుంది గానీ మధ్యలో దూరదు. మిగతాదంతా అక్షరాలతో ఆట. రెండు దారుల్లో వెళ్ళినా ఒకే మాట రావాలి. పైకి మాత్రం అదొక మామూలు వాక్యంలా కనిపిస్తుంది. దాన్ని నమ్మావో, చిక్కావే!

పదికి సున్న చేరిస్తే వరాహం (2).

పది పక్కన సున్న పెడితే వంద, వరాహమేమో పాతకాలపు బంగారు నాణెం. ఇంకేముంది, లెక్కలు మొదలుపెడతావు. ఇందులో లెక్కే లేదు. 'పది' అని అక్షరాల్లో రాసి, మొదటి అక్షరానికి సున్న తగిలించు. పంది వచ్చింది, బ్రాకెట్‌లో చెప్పినట్టు రెండక్షరాలు. వరాహమంటే అదేగా! కొమ్ము, దీర్ఘం, ఒత్తు, గుడి కూడా ఇలాంటి మాటలే. ఆధారంలో గుడి కనిపిస్తే దేవుణ్ణి తర్వాత వెతుక్కోవచ్చు, ముందు ఏ అక్షరానికి గుడి పెట్టాలో చూడు.

చిన్న మాటల్ని కూడా వదలకు. "తారుమారు చేయడం వలన పుట్టిన పెద్ద కథ (3)" అన్నాననుకో. నువ్వు 'చేయడం వలన' అని గబగబా చదివేస్తావు. గడి తయారుచేసే కూర్పరికి కావలసిందదే. ఆ 'వలన'నే తారుమారు చెయ్యి, నవల వస్తుంది. విభక్తి ప్రత్యయంలో సరుకు దాచడం నాకు భలే ఇష్టం. 'లో' అని ఉంటే మరీ అనుమానించు. "వాన రంగుల్లో దాక్కున్న కోతి (3)" అంటే, వాన, రంగుల మధ్య ఖాళీ చెరిపేసి చదువు. వానరం అక్కడే కూర్చుని ఉంది.

ఇంగ్లీషులో అయితే ఒక్కో అక్షరం కావలసినప్పుడు పొట్టి సంకేతాలు వాడతారు. మనకు సప్తస్వరాలున్నాయి. షడ్జమం అంటే స, రిషభం అంటే రి, పంచమం అంటే ప. "సారం నడుమ గాంధారం పలికితే సముద్రం (3)" అన్నప్పుడు సా, రం మధ్య గ పెట్టు, సాగరం. సంగీతం రాకపోయినా ఈ ఏడు పేర్లూ బట్టీ పట్టు.

బట్టీ పట్టదగ్గది ఇంకోటుంది. నీళ్ళకు జలం, నీరం, వారి, అంబువు అని పేర్లు. వాటికి 'జం' చేరిస్తే తామర: జలజం, నీరజం, వారిజం, అంబుజం. 'దం' చేరిస్తే మేఘం, 'ధి' చేరిస్తే సముద్రం. తామర, మబ్బు, సముద్రం లేని గడి నాకు అరుదుగా తగిలింది. ఈ పద్ధతి తెలిస్తే ఒక్క నిలువు అక్షరంతో తేలిపోతాయి.

"మొసలి తల తెగాక మిగిలింది చెయ్యి (2)" చూడు. విష్ణుచక్రం, గజేంద్రమోక్షం గుర్తొచ్చి పోతన దగ్గరికి పరిగెడతావు. అంత దూరం అక్కర్లేదు. మొసలి అంటే మకరం, దాని తలకాయ మొదటి అక్షరమే. తీసెయ్యి, కరం మిగిలింది. ఇక్కడ రెండడుగులున్నాయి: ముందు పర్యాయపదం, తర్వాత కోత. కొత్తవాళ్ళు 'మొసలి' అన్న మాటనే కోసి 'సలి' దగ్గర ఆగిపోతారు. అలా ఆగినప్పుడు మొసలికి ఇంకేమంటారని అడుగు.

నిఘంటువు చూడొచ్చా అన్నావు. చూడు, తప్పేం లేదు. ఆంధ్రభారతి ఫోన్‌లోనే ఉందిగా. కాకపోతే అక్షరాల ఆటతో ఒక మాట కట్టాక, అలాంటి మాట ఉందా అని చూసుకోవడానికి తెరువు. ముందే తెరిస్తే ఆట పోతుంది. జవాబుల కోసం గూగుల్ చేయడం గురించి నేనేమీ అనను.

వివరణ రాయడం కష్టమనుకోకు. గడి పక్కన ఒక్క వరుస చాలు. "స్వప్నానికి దేవుడి కానుక తోడైతే టెన్షన్ (4)" అని ఉంటే, కల + వరం = కలవరం, అర్థం 'టెన్షన్', 'తోడైతే' అతుకు. అంతే. ఏ మాటైనా పని లేకుండా మిగిలితే రెండే కారణాలు. నీ జవాబు తప్పు, లేదా కూర్పరి బద్ధకించాడు. మొదటిదే ఎక్కువసార్లు నిజం. రెండోదైతే మొహమాటపడకుండా ఆ కూర్పరికి ఉత్తరం రాయి. మా తరంలో ఆ ఉత్తరాల కోసమే వారపత్రిక కొనేవాళ్ళుండేవారు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు కూర్చిన భాష మనది, పాఠకులు ఊరుకుంటారా?

బ్రాకెట్‌లో అంకె అక్షరాల లెక్క. 'స్త్రీ' అయినా ఒకే గడి, 'రం' అయినా ఒకే గడి. మూడన్నచోట సాగరము రాసి ఇరికించకు.

ఇప్పుడు నీకొకటి: "పొగరులో చెయ్యి పెడితే దక్కింది పూతేనె (4)". ఆ చెయ్యి ఈ ఉత్తరంలోనే ఒకసారి కనిపించింది. జవాబొక్కటే పంపితే మార్కుల్లేవు. ఆదివారంలోపు వివరణతో సహా రాయి. మీ అమ్మని అడగొద్దు, దానికి నాకంటే ముందే తెలిసిపోతుంది.

మీ మామయ్య