అమ్మ జన్మలో వాడని మందులు కూడా అమ్మకి ఎందుకు పనిచేయలేదంటే

ప్రశ్న: "యాంటీబయోటిక్స్‌కి లొంగని గుణం ప్లాస్మిడ్ల ద్వారా ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి ఎలా పాకుతుంది? కోర్సు మధ్యలో ఆపేయడం వల్లేనా ఇదంతా?"

ముందు రెండో ముక్క సంగతి చెప్తాను, నాకు ఒళ్ళు మండేది అక్కడే. మందు పనిచేయకపోతే చాలు, రోగినే తగులుకుంటారు. "కోర్సు పూర్తిగా వాడావా?" అని.

అమ్మ సోంపేట దగ్గర ఊళ్ళో ఉంటుంది. నిరుడు మూత్రంలో మంట, వణుకుతో జ్వరం. మందుల షాపులో చీటీ అడక్కుండానే సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ బిళ్ళలు చేతిలో పెట్టారు. ఆ మందు 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూల్లో, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉంది. అమ్మితే డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టర్లో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి. నేనైతే అలాంటి రిజిస్టరు కంటితో చూసిన పాపాన పోలేదు. సరే, అమ్మ ఇచ్చినవన్నీ పూట తప్పకుండా వేసుకుంది. తగ్గలేదు.

శ్రీకాకుళం తీసుకొచ్చాను. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం మనిషి అనగానే డాక్టరుగారు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించారు. మావైపు చదువురాని ముసలమ్మలు కూడా "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని పలకరించుకుంటారు, ఆ మాట అంత అలవాటు. కల్చర్ రిపోర్టంటే, అదే క్రిముల్ని పెంచి ఏ మందుకి లొంగుతాయో చూసే పరీక్షంటే మాత్రం ఎవరికీ తెలీదు. క్రియాటినిన్ బాగానే ఉంది. యూరిన్ కల్చర్‌కి ఇచ్చాం.

మూడో రోజు రిపోర్టు కోసం వెళ్తే ల్యాబులో కుర్రాడు తీరిగ్గా ఉన్నాడు. ప్లేటు తెచ్చి చూపించాడు. గంజి గడ్డకట్టినట్టు లేతపసుపు జెల్లీ, మీద పలచగా తెల్లటి పొర. అదే అమ్మ ఒంట్లోంచి వచ్చిన ఈ కోలై, మామూలుగా పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. దానిమీద చొక్కా గుండీలకన్నా చిన్న కాగితం బిళ్ళలు, ఒక్కోదాన్లో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ, చంద్రుడికి వరదగుడి కట్టినట్టు, గుండ్రంగా ఖాళీ వస్తుంది. సెఫిక్సిమ్ చుట్టూ గుడి లేదు. అది అనుకున్నదే. జెంటామైసిన్ చుట్టూ లేదు, కోట్రైమోక్సజోల్ చుట్టూ లేదు. ఆ రెండూ అమ్మ జన్మలో వాడలేదు!

ఇక మీ ప్లాస్మిడ్. పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకొస్తే చెంచాడు పెరుగు తోడుకి ఇస్తాం కదా. మన పెరుగు తరగదు. తెల్లారేసరికి వాళ్ళింట్లోనూ పెరుగు తోడుకుంటుంది, ఆనక వాళ్ళే ఇంకొకరికి తోడు ఇస్తారు. ఇదీ అంతే. చాలా బ్యాక్టీరియాలకి అసలు క్రోమోజోము కాక విడిగా చిన్న డీఎన్ఏ ఉంగరం ఉంటుంది, అదే ప్లాస్మిడ్. అదున్న బ్యాక్టీరియా పైలస్ అనే సన్నటి గొట్టం చాచి పక్కదాన్ని దగ్గరికి లాక్కుంటుంది. ఉంగరంలోని రెండు పోగుల్లో ఒకటి అవతలికి జారుతుంది. రెండుచోట్లా జత పోగు అల్లుకుంటుంది. ఇచ్చినదాని దగ్గరా ఉంటుంది, పుచ్చుకున్నదాని దగ్గరా ఉంటుంది. కులగోత్రాలు చూసుకోవు. ఈ కోలై తన జాతికే కాదు, క్లెబ్సియెల్లా, షిగెల్లా లాంటి వేరే జాతుల బ్యాక్టీరియాకీ ఇస్తుంది.

అసలు పేచీ ఏంటంటే, ఒకే ఉంగరం మీద నాలుగైదు మందుల్ని ఎదుర్కొనే జన్యువులు మూటకట్టి ఉండొచ్చు. సెఫిక్సిమ్ వేస్తే మూట లేనివి చస్తాయి. మిగిలినవాటికి మూట మొత్తం ఉంటుంది, అందులో జెంటామైసిన్‌ని ఆపేదీ ఉంటుంది. జపాన్‌లో 1950ల్లో రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా ఇలాగే నాలుగు రకాల మందులకి ఒకేసారి లొంగకుండా పోయింది. 1959లో అక్కడి శాస్త్రవేత్తలు అకీబా, ఓచియాయ్ వంటివాళ్ళు ఈ గుణం షిగెల్లాకీ ఈ కోలైకీ మధ్య చేతులు మారుతోందని చూపించారు.

మరి ఆ మూట అమ్మ పేగుల్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? నన్నడిగితే కోళ్ళ ఫారాలే. రుజువు చూపించమంటే చూపించలేను, అయినా నా మాట ఇదే. 2015లో చైనాలో కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ని ఆపే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీదే దొరికింది, పందుల్లో. మన దేశంలో కోళ్ళకీ పశువులకీ కొలిస్టిన్ వాడకూడదని 2019లో గానీ నిషేధించలేదు. అన్నేళ్ళు మేపినవాళ్ళని వదిలేసి, ఐదు బిళ్ళలు మింగిన మా అమ్మని అడుగుతారా కోర్సు గురించి?

చివరికి నైట్రోఫ్యురాంటాయిన్ అనే మందు బిళ్ళ చుట్టూ పెద్ద గుడి కట్టి ఉంది. అవే రాశారు, గొట్టం మాత్రలు. వాటితో మూత్రం గోధుమరంగులోకి తిరగొచ్చని అమ్మకి చెప్పడం నేను మర్చిపోయాను. మంట మాత్రం తగ్గింది.

పదిహేను రోజుల తర్వాత ఫోన్ చేస్తే చెప్పింది: "ఆ రంగు చూసి బయమేసి రెండ్రోజుల ముందే ఆపీసినాను బావు. పక్కింటి అప్పకి కూడా మంటంటే, మిగిలినవి ఆవిడికిచ్చీసినాను."