గ్యాస్ గీజర్ బాత్రూంలో వద్దండి, పెరటి గోడకు పెట్టించండి

అమలాపురం దగ్గర ఇల్లు, 5 అడుగులు × 6 అడుగుల బాత్రూం, చిన్న వెంటిలేటర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నాయి. ప్లంబరు 6 లీటర్ల గ్యాస్ గీజర్ లోపలే బిగిస్తానంటున్నాడు, సరేననమంటారా అని అడిగారు. వద్దండి. ఎంత పనితనం ఉన్నవాడైనా ఈ ఒక్క విషయంలో అతని మాట వినకండి.

కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. మీ బాత్రూం ఎత్తు 8 అడుగులనుకున్నా లోపలి గాలి 7 ఘనపు మీటర్లు కూడా ఉండదు. ఆ గీజరేమో పూర్తి మంట మీద గంటకి ముప్పావు కిలో పైనే కాలుస్తుంది. ధనుర్మాసం చలికి అన్నీ మూసుకుని ఒకరి తరవాత ఒకరు స్నానం చేస్తే, గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, కంటికి కనపడదు. తలనొప్పి, కళ్లు తిరగడం, ఆ తరవాత గడియ తీసే సత్తువ కూడా ఉండదు. ఫ్యాన్ ఉందిగా అనుకోకండి. కరెంటు పోతే ఫ్యాన్ ఆగిపోతుంది, గీజరు బ్యాటరీల మీద మండుతూనే ఉంటుంది.

పెరటి వైపు బయటి గోడకు, సన్‌షేడ్ కింద, జల్లు కొట్టని చోట పెట్టించండి. మంట కనపడే అద్దం మీ కళ్ల ఎత్తులో ఉండాలి. కిటికీ కిందా, వెంటిలేటర్ కిందా మాత్రం వద్దు, గీజరు వదిలే కాలిన గాలంతా మళ్లీ ఇంట్లోకే వస్తుంది. వేడినీళ్లకి సీపీవీసీ పైపు వేయించి గోడలోంచి లోపలికి తీసుకోండి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి జాయింట్ల దగ్గర వదిలేస్తుంది.

గ్యాస్ బండ నిలబెట్టే ఉంచాలి. గ్యాస్ గాలికన్నా బరువు, కారితే పల్లానికి దిగి నిలుస్తుంది, అందుకని తూము, సంపు పక్కన పెట్టకండి. బండ నుంచి గీజరుకి వేసే ఐఎస్ఐ మార్కు సురక్షా ట్యూబ్ 1.5 మీటర్లు మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, 5 ఏళ్లకి మార్చెయ్యాలి. బిగించాక ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి చూడండి. బుడగ లేస్తే బండ కట్టేసి, గ్యాస్ లీకు సాయం నంబరు 1906కి ఫోన్ చెయ్యండి.

సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే గొట్టాల లోపల గార కడుతుంది, ఉప్పుగాలికి బర్నరు తుప్పు పడుతుంది. కాలవ నీళ్లయితే నీళ్లు వచ్చే చోట జాలీలో ఒండ్రు చేరుతుంది. నెలకోసారి విప్పి కడగండి. మంట నీలంగా ఉండాలి. కొసలు పసుపు తిరిగి, పైన రేకుల మీద కాటుకలా మసి కనపడితే ఆ రోజు నుంచే వాడకం ఆపి శుభ్రం చేయించండి.

కుళాయి కట్టగానే మంట ఆరాలి. ఆరకపోతే లోపల ఏదో పాడైనట్టే, ముందు బండ కట్టెయ్యండి.